కువైట్ అబద్ధం, కొత్త ఇల్లు

మార్కాపురం, గురువారం రాత్రి

మొత్తానికి ఇల్లు దొరికింది. ఒళ్లంతా తేలికగా ఉంది.

ఈ వారం చూసిన ప్రతి ఇంట్లోనూ అద్దె కంటే ముందు ఒకటే ప్రశ్న: "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" విడిపోయామని చెప్పగానే, ఆ పోర్షన్ చుట్టాలకు ఇచ్చేశామనేవాళ్లు. విసుగొచ్చి, నాన్న కువైట్‌లో ఉన్నాడని చెప్పమని ఈరోజు దారిపొడుగునా పాపకు నేర్పించాను.

ఇంటి ఓనరు ఖాసింబీ గారు గేటు తీసి, మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరమే పెద్దమ్మా."

"బట్టలుతికే మిషను ఉందా?"

"లేదు."

"అయితే సరే. ఎండాకాలం బోరు ఎండిపోతాది, ట్యాంకర్ నీళ్లే గతి. ముందు అద్దెకున్నోళ్లు మిషను పెట్టి మా పానం తీసినారు. పొదుపుగా వాడుకుంటామంటే రేపే దిగండి."

అంతే, తాళం చేతిలో పెట్టింది. మా ఆయన ఊసే ఎత్తలేదు. కళ్లు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్లి, గూళ్లు చూస్తున్నట్టు నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పాపతో, ఇక ఆ కువైట్ మాట ఎవరికీ చెప్పక్కర్లేదన్నాను.

పాప అడిగింది: "అయితే నాయన వచ్చేసినాడా మా?"