తడికి చిరగని డైరీ

న్యూగినియా అడవిలో, పేరు తెలియని ఏటి ఒడ్డున, జ్వరం దిగిన ఈ పూట, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా. నేను జపాన్‌లోని కొచ్చి ప్రాంతంలో చేతికాగితం తయారుచేసే మొరికి సకుజి కొడుకును. పేరు ఇసావొ, వయసు ఇరవై రెండు, సిపాయిని. రేపు తెల్లవారగానే మా దళం కొండ దాటుతుంది. కుడికాలు కుళ్ళిన నేను దాటలేను. నా వస్తువులను చేర్చే బాధ్యత కార్పొరల్ నిషిమొరి గారికి అప్పగిస్తున్నాను.

1. నా డైరీ మా నాన్నకు సర్వహక్కులతో చెందాలి. కాగితాలన్నీ కాల్చమని పైవాళ్ళ ఆజ్ఞ. నేను ఒప్పుకోను. ఇదొక్కటి ఇల్లు చేరితే మిగిలినవి దారిలో పోయినా ఫర్వాలేదు. అందరి నోటుపుస్తకాలూ మొదటి వానలకే గుజ్జయ్యాయి. నాన్న కాగితం ఏట్లో మునిగినా చిరగలేదు. యంత్రాల కాలంలో ఇదెవడికి కావాలని యువజన సంఘం కరపత్రాలు ఊపుతూ ఆయన మీద అరిచాను. ఆయన ఈ పుస్తకం కుట్టి నా సంచిలో పెట్టారు. నాన్నా, మంచునీళ్ళలో నార కడిగి పగిలిన మీ చేతులే నాకిక్కడ రోజూ కనిపిస్తున్నాయి. వాదనలో మీరే గెలిచారు.

2. అందులో నలభై మూడో పేజీ మాత్రం కోసి, దళంలో నా పక్కన నడిచిన తకెమురా వాళ్ళ అమ్మకు ఇవ్వాలి. "అమ్మ కాచే చిలగడదుంప జావ ఒక్క గిన్నె దొరికితే, ఒరేయ్ ఇసావొ, ఈ దేశాలన్నీ ఎవరివి వాళ్ళకే ఇచ్చేసి ఇంటికి పోదునురా" అన్నాడు. ఆసియా విముక్తికి వచ్చి జావ కోసం ఏడుస్తావా అని చెంప పగలగొట్టాను. నాలుగో రోజున ఆకలితో పోయాడు. అమ్మా, పోరాడి నేలకొరిగాడని మీకు కాగితం వస్తుంది. నమ్మకండి. జావ ఎలా కాయాలో వాడు చెప్పినట్టే రాశాను. ఉప్పు కొంచెం ఎక్కువ వేస్తారట మీరు. నేను కొట్టిన సంగతీ రాశాను.

3. గుండు తగలకూడదని వెయ్యిమంది ఆడవాళ్ళు తలా ఒక ముడి వేసిన నా నడుంపట్టీ అద్దకంవారి అమ్మాయి తొమియెకు చెందాలి. పులి సంవత్సరంలో పుట్టినవాళ్ళు తమ వయసెంతో అన్ని వేయొచ్చు కనుక తను పదిహేడు ముళ్ళు వేసింది. ముళ్ళలో పేలు చేరాయని అందరూ పట్టీలు పారేశారు. నేను ఉడకబెట్టి మళ్ళీ కట్టుకున్నాను. "పిల్లేమో అక్కడ, పేలేమో ఇక్కడ, బాగుందిరా నీ కాపురం" అని నిషిమొరి గారు నవ్వారు. తన ముళ్ళేవో నాకు తెలియదు. తడుముతూ రోజుకొకటి తనదే అనుకుంటాను. తొమియె, పట్టీ ఇచ్చిన రోజు అడగాల్సింది అడక్కుండా ఉపన్యాసం ఇచ్చాను. నా కోసం ఆగవద్దని ఇక్కడ రాయాలి. చెయ్యి రావడం లేదు. ఆ షరతు రాయకుండానే వదిలేస్తున్నాను.

4. అడవి నిండా పళ్ళే, తిండికి లోటుండదని చెప్పి నన్ను పంపిన మా ఊరి యువజన సంఘం పెద్దకు నా ఖాళీ అన్నం గిన్నె. దాన్ని బల్ల మీద ఎదురుగా పెట్టుకుని తర్వాతి కరపత్రం రాసుకోవాలి.

5. నడవలేనివాడికిచ్చే చేతిబాంబు నాకూ ఇచ్చారు. ఎందుకో అందరికీ తెలుసు. దాన్ని నిషిమొరి గారికి తిరిగి ఇస్తున్నాను. అన్నా, కొండ అవతల నదిలో లోతైన మడుగు చూసి వేయండి. చేపలు తేలతాయి. ఉన్నది సమానంగా పంచుకోవాలని ఊరంతా అరిచి చెప్పినవాణ్ణి. ఈ ఒక్కసారికి ఎవరికీ పంచకండి. మీరే కడుపునిండా తినండి. డైరీ బరువెంతో లేదు, మోసే మనిషి బతకాలి. నేను ఈ ఏటి ఒడ్డునే ఉంటాను. కాలు మాట వింటే పాకుతూనైనా మీ వెనకే వస్తాను.

షోవా శకం 19వ సంవత్సరం (1944), జూన్ ఇరవయ్యో, ఇరవై ఒకటో.
(సంతకం) మొరికి ఇసావొ

సాక్షులు:
నిషిమొరి కన్‌జి, కార్పొరల్
ఒగసవరా, వైద్య సిపాయి (కలం పట్టలేనందున వేలిముద్ర)