కడగక ముందు పిడికెడు

సెప్టెంబరు 8, ఆదివారం

ఈ రోజు నా బియ్యం పావురాల పాలయ్యాయి.

దేశం కాని దేశంలో ఈ పల్లెటూరికి నర్సుగా వచ్చి నాలుగు నెలలు. క్లినిక్ మీదున్న గదిలో ఒక్కదాన్నే వండుకుంటాను, మా ఆయనకి వీసా వచ్చేదాకా ఇంతే. బియ్యం కొలిచిన ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే ఓ పిడికెడు తీసి కాఫీ డబ్బాలో వేస్తోంది. మా అమ్మ అలాగే తీసి, ఆదివారం చర్చికి ఇచ్చేది. ఇక్కడ ఎవరికివ్వాలో తెలియకుండానే డబ్బా నిండిపోయింది. దేవుడికని తీసినవి మళ్ళీ మన కుండలో పోసుకోడానికి చెయ్యి రాదు కదా. పాత చీర కొంగుతో కుట్టిన సంచిలో పోసి తీసుకెళ్ళాను. కానుకల పళ్ళెం నా దగ్గరికి రాగానే దాని మీద పెట్టాను.

పళ్ళెం పట్టుకొచ్చిన ముసలాయన నా వంకా సంచి వంకా మార్చి మార్చి చూశాడు. చర్చి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి, అందుకని నేను తాళాలాయన అంటాను. ఆరాధన అయ్యాక బయటికొచ్చి చూద్దును కదా, మెట్ల మీద బియ్యమంతా చల్లేశాడు. ఖాళీ సంచి నా చేతికిచ్చి, పక్షుల మీద ఇంత దయ ఉన్నవాళ్ళు ఈ కాలంలో అరుదు అన్నాడు.

థాంక్స్ చెప్పి వచ్చేశాను.

సెప్టెంబరు 9

అక్కకి ఫోన్లో చెప్పాను. ఐదు నిమిషాలు నవ్వి, పోనీలేవే, పావురాలు నీ కోసం ప్రార్థన చేస్తాయిలే అంది.

సెప్టెంబరు 11, బుధవారం, ఉదయం 10

బీపీ చూపించుకోడానికి టీచరమ్మ వచ్చింది. రిటైరైన సంగీతం టీచరు, చర్చిలో పియానో వాయించేది ఆవిడే. మనిషి చక్కగా ఉంటుంది, కాలర్ దగ్గర్నుంచి అన్ని బొత్తాలూ పెట్టుకుంటుంది. మెషిన్ ఎక్కిస్తే నలభై ఏడు కిలోలు. రిజిస్టర్ వెనక్కి తిప్పాను. మేలో యాభై మూడు.

రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. ఏం తింటున్నారండీ అంటే అన్నీ అంది. మరి ఎందుకు తగ్గారు అంటే, నడక ఎక్కువైంది అంది. నేనూ రిజిస్టర్లో నడక అనే రాశాను. నడిస్తే ఆకలి వేస్తుంది గానీ మనిషి సగం అవుతుందా?

సెప్టెంబరు 15, ఆదివారం

పాస్టరు అయ్యగారు ఈ చర్చికి నెలకి ఒక్క ఆదివారమే వస్తారు, మిగతా వారాల్లో వేరే ఊళ్ళు. పావురాల సంగతి ఆయన దాకా వెళ్ళింది. అసలు విషయం మీరే చెప్పండి అని నన్ను లేపి నిలబెట్టారు.

ఉన్నది పధ్నాలుగు మంది. వాళ్ళ భాషలో నాకొచ్చినంతలో చెప్పాను. మా ఇళ్ళల్లో వండేముందు ఓ పిడికెడు తీసి పక్కన పెడతాం, వారం వారం చర్చికి తెస్తాం, అందరివీ కలిపి లేనివాళ్ళకి ఇస్తాం అని. మేం చాలా ఉదారులం అన్నట్టే చెప్పాను. అందరూ తలలూపారు. అయ్యగారు తలుపు పక్కన చిన్న బల్ల వేయించి, నేను మళ్ళీ నింపి తెచ్చిన సంచి దాని మీద పెట్టించారు. అవసరమైనవాళ్ళు తీసుకోవచ్చు అన్నారు. తాళాలాయన మాత్రం, ఈ ఊళ్ళో అంత లేనివాళ్ళు ఎవరున్నారు, నేనూ పావురాలూ తప్ప అన్నాడు.

సెప్టెంబరు 19, గురువారం

డ్యూటీ దిగి అటుగా వెళ్తూ చర్చిలోకి తొంగి చూశాను. సంచి లేదు!

సెప్టెంబరు 22, ఆదివారం

సంచి వచ్చింది. బల్ల మీద, ఖాళీగా, నాలుగు మడతలు పెట్టి. ఉతికారు. ఇస్త్రీ చేశారు. ఊడిపోతున్న తాడుని దగ్గర దగ్గర కుట్లతో మళ్ళీ కుట్టారు, అలాంటి కుట్టు నాకు జన్మలో రాదు.

బియ్యం సంచిని ఇస్త్రీ చేసేది ఎవరు? పొద్దుటి నుంచీ ఇదే తొలుస్తోంది. తాళాలాయన్ని కదిపితే, తన భార్య పోయాక ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఎక్కడుందో కూడా తెలియదన్నాడు. ఆయన చొక్కా చూస్తే నమ్మబుద్ధేసింది.

సెప్టెంబరు 25

ఈ రోజు క్లినిక్‌కి వచ్చిన వాళ్ళందరి చొక్కాల ఇస్త్రీ మడతలు చూశాను. ఒకాయన ఏంటమ్మా అని అడిగాడు కూడా. ఊళ్ళో ఎవరి పొయ్యి మీద ఏముందో అంతా దీనికే కావాలి అని అమ్మ నన్ను ఊరికే అనేది కాదు.

సెప్టెంబరు 29, ఆదివారం

మళ్ళీ అదే. నిండు సంచి పోయింది, మడతల సంచి వచ్చింది.

అక్టోబరు 3, గురువారం, సాయంత్రం 4

ఇంజెక్షన్ గది కిటికీలోంచి చర్చి పక్క తలుపు కనిపిస్తుంది. ఆ గదిలో సర్దాల్సింది ఏమీ లేకపోయినా గంటసేపు సర్దాను.

టీచరమ్మ ప్రాక్టీసుకి వచ్చింది. రెండు పాటలు వాయించింది, వినపడ్డాయి. మూడోది సగంలో ఆపేసింది. కాసేపటికి బయటికొచ్చింది. పాటల పుస్తకాల సంచీని చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుంది. పుస్తకాలు మోసేవాళ్ళు అలా మోయరు.

తెలుసుకోవాలన్న కుతూహలం తీరింది. సంబరం మాత్రం రాలేదు.

అక్టోబరు 4

తాళాలాయన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగాను. టీచరమ్మ తమ్ముడు టౌన్లో రోగుల్ని చూసుకునే ఒక హోంలో మంచం పట్టి ఉన్నాడట. ఆవిడ పెన్షన్ అంతా అక్కడికే పోతుందట. ఎవరైనా సాయం చేస్తామంటే తలుపు వేసేసుకుంటుందట. ఒకసారి ఎవరో గుమ్మంలో సూప్ గిన్నె పెట్టి వెళ్తే, తోమి, నింపినట్టే ఉన్న సూప్‌తో సహా వెనక్కి పంపిందట. తోమిన గిన్నెలో సూప్ ఎలా ఉందని అడిగాను. ఊళ్ళో అలా చెప్పుకుంటారు అన్నాడు.

మా ట్రైనింగులో పెద్ద సిస్టర్ ఒకావిడ చెప్పేది. నర్సుకి కళ్ళు రెండు, చెవులు రెండు, నోరు సున్నా. ఇక నుంచి నాకూ సున్నా.

అక్టోబరు 9, బుధవారం

నలభై ఎనిమిదిన్నర. కిలోన్నర పెరిగింది. ఆ అంకె చూసేసరికి నా ఒళ్ళు నాకు తెలియలేదు. అన్నం మీకు బాగా పడినట్టుందండీ అనేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. నానదు. నానదు.

ఆవిడ మడిచిన చొక్కా చేతిని కిందికి దించి, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంది. థాంక్యూ సిస్టర్ అని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

అక్టోబరు 13, ఆదివారం

సంచి పోయినవారం పెట్టింది పెట్టినట్టే ఉంది.

అక్టోబరు 20, ఆదివారం

ఇంకా అలాగే ఉంది. దాని పక్కన ఈ వారానిది ఇంకో సంచి పెట్టాను. టీచరమ్మ పాటలన్నీ తప్పు లేకుండా వాయించింది, నా వైపు చూడలేదు. ఆవిడ కోటు భుజాల దగ్గర జారుతోంది. తాళాలాయన వచ్చి, ఇక పావురాలకి వేసెయ్యనా అని మర్యాదగానే అడిగాడు.

నోరు జారినందుకు నేనో పూట తిండి మానేస్తే ఆవిడ కడుపు నిండుతుందా? వెళ్ళి సారీ చెబితే ఇంకా ఘోరం. నాకు తెలుసని రెండోసారి చెప్పినట్టు అవుతుంది.

అక్టోబరు 24

అక్కకి అంతా చెప్పాను, ఆవిడ ఎవరో మాత్రం చెప్పలేదు. అక్క ఈసారి నవ్వలేదు. నాన్న పరంజా మీంచి పడ్డ సంవత్సరం మరిచిపోయావా అంది.

మరిచిపోలేదు. నాన్న కాలు విరిగి మంచంలో ఉన్న ఆ ఏడు నెలలూ మేం తిన్నవి చర్చి బియ్యమే. వాళ్ళ ఇంటివీ వీళ్ళ ఇంటివీ కలిసిపోయి, లావూ సన్నం అన్నీ ఒక్క కుండలో ఉడికేవి. సగం మెత్తబడేది, సగం పలుకు. మా పాస్టరు గారి భార్య, అమ్మగారు, వెనక తలుపు నుంచి మూట తెచ్చేవారు. ఆవిడ వెంట నా క్లాసు పిల్ల వచ్చేది, వాళ్ళమ్మాయే. నేను మంచం వెనక దాక్కునేదాన్ని.

అక్క అడిగింది, అక్కడ చర్చిలో చెప్పినప్పుడు మనం తిన్న సంగతి చెప్పావా అని. లేదన్నాను. ఇచ్చేవాళ్ళ సంగతి ఒక్కటే చెప్తే తీసుకునేవాళ్ళు తల ఎలా ఎత్తుతారే, నువ్వు మంచం వెనక నుంచి ఇంకా బయటికి రాలేదు అంది.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

అక్టోబరు 27, ఆదివారం

ఈ వారం అయ్యగారు లేరు. ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాను. పోయినసారి సాక్ష్యంలో సగమే చెప్పాను, మిగతా సగం ఇది అన్నాను. నాన్న కాలు, ఏడు నెలలు, వెనక తలుపు, మంచం, అన్నీ చెప్పాను. తిన్నన్నాళ్ళూ అమ్మ ఆ చర్చి బియ్యంలోంచి కూడా పూటకో పిడికెడు తీసి పెట్టేదని చెప్పాను. ఇవ్వడం ఎంత ఆచారమో తీసుకోవడమూ అంతేనన్నాను. పియానో వైపు మాత్రం చూడలేదు, మెడ పట్టేసింది.

తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా రెండు పిడికిళ్ళు తీసి నా రుమాల్లో కట్టుకున్నాను. నేను పెట్టిన బియ్యమే, అయినా చెవులు కాలిపోయాయి. నా వెనకే తాళాలాయన వచ్చి కోటు జేబు నిండా పోసుకున్నాడు. పిడికెడుకి నీళ్ళెన్ని పొయ్యాలి అన్నాడు. చెప్పాను. మిగతావాళ్ళు కూడా చుట్టూ చేరి విన్నారు.

అక్టోబరు 31, గురువారం

బల్ల ఖాళీ. రెండు సంచులూ లేవు.

నవంబరు 6, బుధవారం

మెషిన్ మీద అంకె రాసుకున్నాను. పెదవి విప్పలేదు. బీపీ పట్టీ విప్పుతుంటే ఆవిడే, కిటికీ వైపు చూస్తూ, మీ అమ్మగారు ఆ పిడికెడు బియ్యం కడగక ముందు తీసేదా, కడిగాకా అని అడిగింది.

కడగక ముందు అన్నాను.

నవంబరు 10, ఆదివారం

సంచులు రెండూ వచ్చాయి, ఉతికి, ఇస్త్రీ చేసి. ఒకటి నాలుగు మడతలు. రెండోది మడత పెట్టలేదు, అడుగున కాసిని బియ్యం ఉన్నాయి.

దాన్ని అందరి ముందే తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నా పిడికిలితో కొలిస్తే మూడు. ఆవిడ చెయ్యి చిన్నది. బుధ, గురు, శుక్ర, శని, రోజుకో పిడికెడు.

మధ్యాహ్నం అవే వండుకున్నాను, పిడికెడు పక్కన తీసి.