షర్బతు సీసా

అమ్మా, నాకేమీ కాలేదు, ముందు ఆ మాట రాస్తున్నాను.

మా ల్యాబులో గాజుసామాను కడిగే తాతకి సోమవారం కుడికన్ను పోయింది. మిగిలిన యాసిడ్‌ని నేనే ఖాళీ షర్బతు సీసాలో పోసి తొట్టి పక్కన పెట్టాను. చీటీ అంటించలేదు. మా బల్ల దగ్గర అందరికీ తెలుసుగా అనుకున్నాను. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఆ మధ్యాహ్నం కుళాయి రాక, తాత అవి నీళ్ళే అనుకుని ముఖాన పోసుకున్నాడు. "తల్లీ, నీళ్ళు, నీళ్ళు" అని నన్నే అడిగాడమ్మా. కింది అంతస్తు నుంచి బకెట్ మోసుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది.

సీసా ఎవరిదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రేపు నేనే వెళ్ళి మా ప్రొఫెసర్‌గారికి చెప్తాను. ఇక దాచేదేముంది, అందుకే కవర్లో పెట్టకుండా పోస్టుకార్డు మీదే రాస్తున్నాను. నాన్న కోప్పడితే పడనీ.

నా పాత దుప్పటి పంపించు. ఆస్పత్రిలో తాత చలికి వణుకుతున్నాడు.

మన స్నానాలగది గూట్లో నువ్వు షర్బతు సీసాలో పోసి ఉంచే యాసిడ్ ఇవాళే తీసేయ్. "మనింట్లో అందరికీ తెలుసులే" అనకు. ఆ అలవాటు నాకు అక్కడే అబ్బింది. చెల్లికి ఇప్పుడు ఆ గూడు అందుతుంది.

నాన్నకి నమస్కారాలు. చెల్లిని నా బదులు రెండు కళ్ళ మీదా ముద్దుపెట్టుకో.

నీ పెద్దమ్మాయి