మంత్రిగారి నిద్ర

నాగులరేవు,
ఫిబ్రవరి 6, 1968.

పద్మా,

పందెం నువ్వే గెలిచావు. దేశాన్ని నడిపేవాళ్ళు కూడా సెలవు తీసుకుంటారు.

కాన్వెంటులో ఆ డిబేటు గుర్తుందా? పదవిలో ఉన్న నాయకులకు సెలవు తగదని నేను నాలుగు పేజీలు రాశాను. తీరా స్టేజి ఎక్కడానికి కాళ్ళు రాలేదు. ఎదుటి పక్షం దానివై ఉండి కూడా నా కాగితాలు నువ్వే చదివావు. చదివి, నీ వంతు రాగానే వాటిని ఉతికి ఆరేశావు. సెలవే తీసుకోనని చెప్పుకునే నాయకుడు అబద్ధమన్నా ఆడుతూ ఉండాలి, మంచమన్నా పట్టాలి అన్నావు. సిస్టర్లు కూడా నవ్వారు. నేను మాత్రం నమ్మలేదు. ఢిల్లీలో కొన్ని కిటికీల్లో దీపాలు ఎప్పటికీ ఆరవని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు కేంద్ర మంత్రి ఒకాయన వారం రోజుల విశ్రాంతికని మా ఒడ్డున ఉన్న ట్రావెలర్స్ బంగళాకి వచ్చారు. పేరు రాయవద్దని నాన్న చెప్పారు. మన వైపు మనిషి కాదు, తెలుగు రాదు. నాన్న ఓవర్సీరు కనుక బంగళా బాధ్యతంతా ఆయన మీదే పడింది. గోడలకి సున్నాలు వేయించారు. కోటబొమ్మాళి నుంచి స్తంభాలు పాతి టెలిఫోను తీగ లాగారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదొక్కటే టెలిఫోను. ఆవరణలో రెండు జీపులు. మంత్రిగారి వెంట ఒక సెక్రటరీ, ఒక డాక్టరు.

వంటవాడికి ఇంగ్లీషు రాదు, నాకు నోరు రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని జరుగుతుందనుకున్నారో ఏమో, నాన్న నన్ను భోజనాల బల్ల దగ్గర పెట్టారు. పూలు సర్దాలి, ఏది ఏ వంటో అడిగితే చెప్పాలి. ఇంతవరకు మంత్రిగారు నన్ను అడిగింది ఒకటే, "ఈ చేప పేరేమిటి?" అని. తెలిసి కూడా చెప్పలేకపోయాను.

అటువంటిదాన్ని, ఈ సాయంత్రం చేసిన పని చెబితే నువ్వు నమ్మవు. ఇక్కడ చేపల వేటకి వెళ్ళిన తెప్ప ఏదైనా చీకటి పడే వేళకి తిరిగి రాకపోతే, ఆడవాళ్ళు బంగళాకి ఎదురుగా ఇసుక దిబ్బ మీద మంట వేస్తారు. ఆ మంటని బట్టి తెప్ప మీది వాళ్ళు రేవు పోల్చుకుంటారు. ఇవాళ గాలి తిరిగి, పొగంతా మా మీదికి వచ్చింది. నాన్న వరండాలో చేతులు నలుపుకుంటూ తిరుగుతున్నారు. మంట తీయించమని బంగళా వాళ్ళ మాటాయె, ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి. నేను వెళ్ళాను.

మంట దగ్గర దానమ్మ ఉంది. ఆవిడ భర్త లక్ష్ముడు, మరిది గంగులు ఇంకా రాలేదు.

"దానమ్మా, ఈ మంట ఏటికి అవతల వేసుకోండి. మంత్రిగారు పడుకున్నారు" అన్నాను.

"ఏటి, ఇంకా దీపాలన్నా ఎట్టలేదు. ఒంట్లో బావోనేదా?"

"విశ్రాంతికి వచ్చారు. దేశం కోసం రాత్రింబవళ్ళు పనిచేస్తారు కదా, అలసిపోయారు."

పక్కనున్న ముసలమ్మ, లక్ష్మణమ్మ, అందుకుంది. "మా ఇంటోడూ ఇస్రాంతేనమ్మా, పెళ్ళయిన కాడినుండీని." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దానమ్మ సముద్రం వైపు చూసింది. "మంటిక్కడుంటేనే ఆళ్ళకి రేవు తెలస్తాదమ్మా. ఏటికవతల, ఏరు సంద్రంలో కలిసే మొగ కాడ రాళ్ళున్నాయి."

"ఈ ఒక్క పూటేగా."

"పోనీ మంట అటేపు ఏసి, నానిక్కడ నిలబడి కేకేస్తాను."

"కేకలు కూడా వద్దు, లేస్తారు."

ఆవిడ మంటలోంచి ఒక కర్ర పక్కకి లాగింది. "నిజమేలే. నిద్రోయే మడిసిని లేపితే పాపం. మనూరొచ్చిన మడిసి కూడాను. ఆడికి మొగ కొత్తేటి, పోల్చుకుంటాడు" అని కర్రలు ఏరుకుంది.

నా మాట మీద మనుషులు కదలడం ఇదే మొదటిసారి పద్మా. వెనక్కి వస్తుంటే చెవులు వేడెక్కాయి. అయినా బాగుంది.

నీ
తాయారు

* * *

నాగులరేవు,
ఫిబ్రవరి 10.

పద్మా,

పొడుగ్గా రాయలేను.

ఆ రాత్రి లక్ష్ముడి తెప్ప మంటని చూసుకుంటూ వచ్చి మొగ దగ్గర రాళ్ళకి కొట్టుకుంది. గంగులు ఈదుకుని బయటపడ్డాడు. లక్ష్ముడి మోకాలు తెప్ప దుంగకీ రాతికీ మధ్య నలిగింది. తెల్లవారి బంగళా వాచరు ఎర్రన్న వచ్చి చెప్పాడు. ఆ పగలంతా ఇంట్లో ఆకు పసరు కట్టి ఉంచారు. అరుపులు ఎక్కువయ్యాక ఎడ్లబండి మీద కోటబొమ్మాళి, అక్కడి నుంచి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకువెళ్ళారు.

మంత్రిగారు వెళ్ళిపోయారు. ఢిల్లీ నుంచి పిలుపు వచ్చిందట, సెలవు మధ్యలోనే ఆగిపోయింది. టెలిఫోను పెట్టె విప్పి పట్టుకుపోయారు. తీగ మాత్రం వేలాడుతోంది.

నాన్న నన్ను కూర్చోబెట్టి, "నువ్వు కావాలని సేసావేటి తల్లీ? ఎవరన్నా అడిగితే పైవాళ్ళ ఆర్డరని సెప్పు. నాకింకా రెండేళ్ళ సర్వీసున్నాది" అన్నారు. సరేనన్నాను. బజారుకి మామూలుగా దానమ్మ వాళ్ళుండే రేవుపేట మీదుగా వెళ్ళేదాన్ని. ఇప్పుడు పొలాల గట్ల మీదుగా చుట్టు తిరిగి వెళుతున్నాను.

ఆసుపత్రికి గిన్నెలు, బట్టలు పట్టుకెళ్ళడానికి దానమ్మ నిన్న ఊళ్ళోకి వచ్చింది. మా గుమ్మం ముందు ఆగి, "అమ్మా, ఆ రేత్రి మంత్రిగోరు సుకంగా నిద్రోయినారా?" అని అడిగింది. ఎగతాళి కాదు పద్మా. నిజంగానే అడిగింది.

నేను తల ఊపాను.

తాయారు

* * *

నాగులరేవు,
మార్చి 3.

పద్మా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. చదివి పెట్టె అడుగున పెట్టేశాను. అందులో నువ్వు మంత్రిని తిట్టావు, నన్ను ఓదార్చావు. పై నుంచి ఆజ్ఞ వస్తే ఆడపిల్లవి నువ్వేం చేస్తావన్నావు. గరివిడిలో మీవారి ఫ్యాక్టరీ గేటు దగ్గరకి కాపలా మనిషి కావాలని, లక్ష్ముడికి ఇష్టమైతే ఆ పని అతని కోసం ఉంచుతారని రాశావు. ఇంత మంచి ఉత్తరాన్ని నేను అబద్ధం చెప్పి సంపాదించుకున్నాను.

బంగళా వాళ్ళ మాట అని నీకు రాశాను. అటువంటి మాట ఎవరూ అనలేదు. "పొగ లోపలికెళ్తన్నాది, ఏటనుకుంటారో" అని నాన్న తనలో తాను గొణుక్కున్నారు, అంతే. మంత్రిగారు పడుకున్నారని దానమ్మతో చెప్పాను. పడుకున్నారో లేదో నేను చూడనైనా లేదు. ఇంగ్లీషు పుస్తకాలు చదివిన పిల్ల నలుగురి ముందూ ఒక్క మాట మాట్లాడలేదని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ సాయంత్రం నాకు మాట్లాడాలనిపించింది. గొప్పవాళ్ళ తరఫున మాట్లాడుతుంటే గొంతు వణకదని అప్పుడే తెలిసింది.

ఇంతకన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటి ఉంది. అది నాన్నకి కూడా తెలియదు.

మర్నాడు పొద్దున్న టిఫిను వేళకి లక్ష్ముడి సంగతి ఎర్రన్న చెప్పేశాడు. నేను చేతులు కడుక్కుని వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డాను. డాక్టరుగారు గుడ్డు పెంకు ఒలుచుకుంటున్నారు. కిటికీలోంచి జీపులు కనబడుతున్నాయి. మంత్రిగారు టీ తాగుతూ నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "నిన్న సాయంత్రం ఎదురుగా మంట ఒకటి కనిపించింది, అంతలోనే పోయింది. ఏమిటమ్మా అది? నాకు ఎక్కడికి వెళ్ళినా నిద్ర పట్టదు. కాగితాలు చూసుకుంటూ కూర్చుంటాను. ఆ మంట తోడుగా ఉంటుందనుకున్నాను."

ఆయన అంతకంటే తేలిగ్గా ఏం అడుగుతారు? తలుపు తెరిచి పట్టుకున్నట్టు అడిగారు. నేను ఎక్కడా తడబడకుండా, చక్కని ఇంగ్లీషులో, "ఇక్కడి వాళ్ళ పండగండీ. అయిపోయింది" అన్నాను. ఆయన "అయ్యో" అని పేపరు తీసుకున్నారు.

మనం పందెం వేసుకున్న సంగతి ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఇక్కడున్నన్ని రోజులూ టెలిఫోను మోగుతూనే ఉంది. కోటబొమ్మాళి స్టేషను నుంచి ఫైళ్ళ పెట్టెలు జీపులో వస్తూనే ఉన్నాయి. ఢిల్లీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికారు. ఒక్క దానమ్మకే ఆయన సెలవులో ఉన్నారు. అలా ఉంచింది ఆయన కాదు, నేను.

ఇదంతా నా కడుపులోనే పెట్టుకుని ఉండేదాన్నేమో. కానీ గరివిడి పని సంగతి ఎర్రన్న చేత ఆసుపత్రికి కబురు పంపితే, లక్ష్ముడు వద్దన్నాడు. తెప్ప మీద మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వెయ్యాలి. ఆ మోకాలు ఇక వంగదని డాక్టర్లు చెప్పేశారు. అయినా గేటు కాపలా తనకెందుకు, ఢిల్లీ నుంచి ఉత్తరం వస్తుంది, మంత్రిగారే ఏదో ఒకటి చేస్తారు అన్నాడట. రాని ఉత్తరం కోసం వచ్చిన పని వదులుకుంటున్నాడు.

నేను ఆసుపత్రికి వెళతానన్నాను. "యెళ్ళి ఏటి సెప్తావు?" అన్నారు నాన్న. జరిగింది చెబుతానన్నాను. ఆయన లోపలికి వెళ్ళారు. తరవాత గొడుగు తెచ్చి నా చేతికిచ్చారు. వెంట మాత్రం రాలేదు.

వార్డులో లక్ష్ముడు నన్ను దూరం నుంచే చూసి, పక్క మంచం మీది ముసలాయన్ని లేపాడు. "పోతురాజు మావా, ఇదిగో, మా ఊరి అమ్మాయిగోరు. మంత్రిగోరి బల్ల కాడున్నది ఈరే. నాను కోతలు కోస్తన్నానంటావు కదా, అడుగు."

"అడగడానికేటున్నాది? ఢిల్లీ నుండి నీకు ఉత్తరమొచ్చినాదేటిరా?" అన్నాడు పోతురాజు.

"వస్తాది మావా. కునుకు కోసం మోకాలిచ్చినోణ్ణి మర్సిపోతారేటి? కాలున్నప్పుడు నన్నెవుడెరుగును? ఇప్పుడు ఢిల్లీలో ఎరుగుదురు."

వార్డంతా నవ్వింది. దానమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు అయ్యేదాకా ఆగాను. ఇంకా ఆగితే చెప్పలేనని తెలిసి మొదలుపెట్టాను.

"లక్ష్ముడూ, మంత్రిగారికి నీ సంగతి తెలియదు."

"తెలకపోడమేటమ్మా? ఆయన నిద్ర కోసమే గదా."

"ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. మంట తీయమని ఆయన అనలేదు, ఎవరూ అనలేదు. నేనే, నా అంతట నేనే వచ్చి చెప్పాను. మర్నాడు ఆ మంటేమిటని ఆయన నన్ను అడిగారు. పండగ అని చెప్పాను."

లక్ష్ముడు నా మొహంకేసి చూసి, తరవాత కట్టు కట్టిన కాలికేసి చూసుకున్నాడు. పోతురాజు అటు తిరిగి పడుకున్నాడు.

"ఆ బంగళాలో డాక్టరున్నాడా?" అంది దానమ్మ.

"ఉన్నారు."

"జీపో?"

"రెండున్నాయి."

"ఆ పొద్దున్న నీ కాడికే వద్దామనుకున్నానమ్మా. ఆయన లేస్తారేమోనని రానేదు." గొంతు పెంచకుండానే అంది. "ఈ మాట నాకు సెప్పుకోవాల. ఆడికెందుకు సెప్పినావు? ఇన్నాళ్ళూ ఆ మాట మీదే ఆడింత గంజి తాగుతన్నాడు."

"గరివిడి పని పోతుందని" అన్నాను. క్షమించమని అడగాలని బస్సులో దారంతా అనుకుంటూ వెళ్ళాను. అక్కడ ఆ మాట నోటికి తేవడానికి కూడా సిగ్గేసింది. అడిగితే వాళ్ళు పోనీలెమ్మంటారు. ఆ పని కూడా వాళ్ళ చేతే చేయించడమెందుకు?

లేచాను. ఎవరూ ఉండమనలేదు. గుమ్మం దగ్గరికి వచ్చాక లక్ష్ముడు పిలిచాడు.

"అమ్మాయిగోరూ, ఆ గరివిడికి సంద్రం ఎంత దూరం?"

"చాలా దూరం. కనబడదు."

"అయితే మంచిదే" అని కళ్ళు మూసుకున్నాడు.

దానమ్మ కంచం కడుగుతూ తలెత్తింది. "గేటు కాడ నిలబడాలా, కూకోవాలా? ఈడి కాలు వంగదు."

"కూర్చోవచ్చనుకుంటాను" అన్నాను.

"అనుకోడమేటి? తెలకపోతే అడుగు. తెలిసినట్టు సెప్పకు."

అందుకని అడుగుతున్నాను పద్మా. ఆ పని నిలబడి చెయ్యాలా, కూర్చుని చెయ్యవచ్చా? కాలు చాచుకునే చోటు ఉంటుందా? మీవారిని సరిగ్గా కనుక్కుని రాయి. ఆయనకి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు, ఏదీ దాటవెయ్యకు.

తాయారు