ఎరుపు మీద నలుపు

కోదాడ,
ఆదివారం.

సైదులన్నకు చెల్లెలు రేణుక నమస్కారాలు.

నువ్వు, వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారో రాయండి. మొన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే సగంలో లైన్ పోయింది. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. ఇక్కడ కూరల్లో కారం ఎక్కువ, బోరు నీళ్లు ఉప్పన. బ్యూటీ పార్లర్ పెట్టి ఏడు నెలలైంది. మొదట్లో మాట్లాడే మనిషి లేక ఏడుపొచ్చేది, ఇప్పుడు అలవాటైంది. బెంగ పెట్టుకోవద్దు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. దసరా ముందు నా జుట్టు బ్లీచ్ చేసి మందార రంగు వేసుకున్నాను, పార్లర్ ఉందని ఊరంతా తెలియాలని. తెలిసింది. చూడటానికి చాలామంది వచ్చారు, వేయించుకోవడానికి ఒక్కరూ రాలేదు. రెండు నెలల్లో రంగు దిగిపోయింది. పక్క షాపులో బట్టలు కుట్టే మణెమ్మ, "ఓ రేణుకా, నెత్తి మీద వరిగడ్డి ఎండేసినవా?" అని రోజూ అడిగేది.

అప్పుడే ఇక్కడి ప్రైవేటు స్కూల్ హెడ్మిస్ట్రెస్ వచ్చారు. వార్షికోత్సవంలో డాన్సు చేసే అరవై మంది ఆడపిల్లల జడలు, అలంకరణ నాకు ఇద్దామని వచ్చారట. నన్ను చూసి గుమ్మంలోనే ఆగారు.

"పిల్లల తలలు నీ చేతికివ్వాలంటే ముందు నీ తల బాగుండాలి కదమ్మా. సోమవారం స్కూలుకి రా, చూసి చెప్తాను."

ఆ పని పోతే షాపు మూసి ఊరికి రావడమే. "తలలకు రంగేసుడు గూడ ఒక పనేనా" అని నువ్వన్న మాటే నిజమయ్యేది.

నల్ల రంగు తెచ్చి ముందు మెడ వెనక ఒక పాయకు పెట్టి చూశాను. ఆరాక అది ఆకుపచ్చగా తేలింది. మణెమ్మ దగ్గరికొచ్చి చూసి, "గిదేందే, పాచి పట్టిందా?" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

చిన్నప్పుడు నువ్వు నూలుకు రంగులేస్తుంటే, నేను తెల్ల నూలు చిలపను తిన్నగా నల్ల రంగు తొట్టిలో ముంచితే అదీ ఇట్లాగే తేలింది. "ఎర్రదాంట్ల ముంచకుండ నల్లదాంట్ల ముంచినవా? కడుగు, మళ్ల మొదలువెట్టు!" అని అందరి ముందు అరిచావు. ఆ అరుపు గుర్తుకొచ్చి లేచాను. బ్లీచ్ చేసిన జుట్టు కూడా తెల్ల నూలే కదా. మణెమ్మ పెరట్లో పచ్చి గోరింటాకు కోసి, రుబ్బి, ఇంకో పాయకు పట్టించాను. కడిగి, మరునాడు దాని మీద నలుపు వేశాను. నిలిచింది. అప్పుడు తలంతా అట్లాగే చేశాను.

సోమవారం మేడం నా జడ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూశారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా? హైదరాబాదా?"

"కాదు మేడం, మా ఊరు పెన్‌పహాడ్‌ల. మా అన్న నూలుకు రంగులేస్తడు."

"నూలుకేసినట్టే తలకీ వేశావా!" అని నవ్వారు. అక్కడున్న టీచర్లూ నవ్వారు. పని నాకే ఇచ్చారు. సాయంత్రానికి ఆ టీచర్లలో ముగ్గురు తెల్లవెంట్రుకలకు రంగు వేయమని పార్లర్‌కు వచ్చారు.

అన్నా, ఒక చిన్న కోరిక. ఈ అరవై జడలు, పైగా రంగుకొచ్చేవాళ్ల పని నా ఒక్కదాని వల్ల కాదు. వదినను ఒక వారం పంపు. సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కిస్తే చాలు, నేను స్టాండులో ఉంటాను. రంగు పాళ్లు ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. నూలు రంగుకు గోళ్లు నల్లబడ్డాయని చేతులు కొంగులో దాచుకుంటుంది కదా, దాచొద్దని చెప్పు. వచ్చినవాళ్లకు ముందు ఆ చేతులే చూపిస్తాను.

పెద్దమ్మకు, బాబాయికి నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఈసారి తిట్టకుండా దీవించు.

నీ చెల్లెలు,
రేణుక