ఆఫీసు ఏసీ వేడి

భాగ్యా, ఫ్రిజ్ తలుపు మూసిన, మళ్ల తెరవకు. దాంతోని అర్ర సల్లబడదే పిచ్చిదానా. అది లోపలి వేడిని గుంజి, ఎనకున్న ఇనుప జాలి నుంచి మళ్ల మన అర్రలకే ఇడుస్తది. ఇయ్యాల డ్యూటీకి పోకు. తడిబట్ట కప్పుకొని పండు. సర్వగిన్నెల అంబలి ఉన్నది, ఉప్పేసుకొని తాగు.

మీ మేనేజర్ ఏసీ గూడ గంతే. ఆయన అర్రల వేడిని తోడి మీ ప్యాకింగ్ షెడ్డుల పోస్తది. నిన్న నువ్వు కండ్లు తిరిగి పడ్డది గందుకే. దాని ఎనక భాగాన్ని రోడ్డు దిక్కు తిప్పేదాక మీ కంపెనీ గేటు కాడ కూసుంట, లేవనే లేవ. నౌకరి పోతది, రాకు అన్నవ్. నాకు ఇంట్ల కాలు నిలుస్తలేదు. బొల్లారంల మీ కంపెనీ కాడికే పోతున్న.

అక్క

నీ పేరు మాత్రం ఎత్తనే ఎత్త. మనిద్దరి మొఖాలు ఒక్కతీరే ఉంటయి గదా, మొఖం నిండ కొంగు కప్పుకొనే లొల్లి చేస్త.