బొట్టు లేని బొమ్మ

బాపట్ల, శుక్రవారం

అమ్మా, ఇక్కడ నేను బాగున్నా. ఫోన్లో నీకు సరిగ్గా వినపడట్లేదని కార్డు రాస్తున్నా.

హాస్టల్ పిల్లలకి జపాను వాళ్ల అమిగురుమి బొమ్మలు నేర్పుతున్నానన్నాగా, క్రోషియా సూదితో ఊలు అల్లి లోపల దూది కూరేవి. ఒక్కో దేశం వేషంలో ఒక్కోటి అల్లాం. తల్లి పోయినప్పటి నుంచి నోరు విప్పని షారోను అన్నిటినీ తిప్పి చూసి, "మా అమ్మలాంటిది లేదా మేడమ్?" అంది. వాళ్లమ్మ పిట్టలవానిపాలెంలో నాట్లు వేసేదట. చీర ఎగదోపి, తలకి తువ్వాలు చుట్టుకున్న బొమ్మని అల్లిచ్చా.

"మా అమ్మ బొట్టు పెట్టుకోదండి," అంది మెల్లిగా.

ఫోన్లో చూసిన ఇండియా బొమ్మకి ఉందని నేనూ కుట్టేశానమ్మా! మనింట్లో మాత్రం ఎవరు పెట్టుకున్నారు? ఆ ఎర్ర దారం ఊడదీసి ఇస్తే, బొమ్మని గుండెకి హత్తుకుని గంటసేపు ఏడ్చింది. తర్వాత అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? వంటింటి రేకులు కారడం ఆగిందా? నీ సన్న సూది తెనాలి పిన్ని వచ్చేటప్పుడు పంపు. ఇంకో నలుగురు వాళ్ల అమ్మల్ని అల్లమంటున్నారు.

రేపల్లెలో అందరికీ నా వందనాలు. ప్రార్థనలో షారోను పేరు కూడా చెప్పమ్మా.

నీ ఎస్తేరు